బుడమేరు ముంచిన 61 కుట్టుమిషన్లు: పని డైరీ

విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో మా మూడు సందుల్లో జరిగిన పని ఇది. వరదలో మునిగిన కుట్టుమిషన్లను విప్పి, కడిగి, మళ్ళీ నడిపించడం. చేసినవాళ్ళం ఆరుగురం, అందరం ఆడపిల్లలమే. పెద్దదానికి 26, చిన్నదానికి 18. రేపు ఇంకో ఊళ్ళో నీళ్ళొస్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. అందుకే బాగా వచ్చినవి తక్కువ, చెడగొట్టినవి ఎక్కువ ఉంటాయి.

బయటివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు వాగు పొంగింది. దాని మళ్ళింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారేసరికి నీళ్ళు మా గుమ్మంలో ఉన్నాయి. ఆ కాలువ కలవాల్సింది కృష్ణలో. ఆ కృష్ణే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులతో పారుతోంది. ఇక బుడమేరు ఎక్కడికి పోతుంది? మూడో గండి పూడ్చింది సెప్టెంబరు 7న, వినాయక చవితి రోజున. మా సందులో నేల కనపడేసరికి పదో తారీఖు. మా గోడ మీద మరక టేపుతో కొలిస్తే 5 అడుగుల 2 అంగుళాలు. కుట్టుమిషన్ బల్ల ఎత్తు రెండున్నర అడుగులు. మిగతాది మీరే ఊహించుకోండి.

0వ దశ: లెక్క రాయడం (సెప్టెంబరు 11, 12)

మొదటి తప్పు ఇక్కడే జరిగింది, సుత్తి కూడా పట్టుకోకముందే.

ఇంటింటికీ వెళ్ళి "మిషన్ ఉందా అక్కా, మునిగిందా?" అని అడిగాం. సగం మంది "ఆ, ఏదో పాతది ఉందిలేమ్మా" అని ఫ్రిజ్ గురించి మొదలుపెట్టారు. నష్టం రాసుకోడానికి వచ్చినాయన కూడా టీవీ, ఫ్రిజ్, బండి అడిగాడు. మిషన్ ఇంటి సామాను కిందకి వస్తుందా, వ్యాపారం కిందకి వస్తుందా అంటే ఆయనకీ తెలియలేదు. మొదటి రోజు మా లెక్కలో 38 మిషన్లు తేలాయి.

రాత్రి కూర్చుంటే మాలో బ్లౌజులు కుట్టే అమ్మాయి (21) అంది: "ఇలా అడిగితే ఎవరూ చెప్పరు. మా అమ్మే నన్ను కుట్టుపని చేస్తుందనదు, ఖాళీగా ఉండలేక కుట్టుకుంటుందంటుంది." మర్నాడు ప్రశ్న మార్చాం. "ఈ నెల మీ దగ్గర ఎవరెవరి బట్టలున్నాయి?" అని అడిగాం. అప్పుడు మంచం కింద నుంచి, అటక మీద నుంచి, తడిసిన గోనెసంచుల్లోంచి జాకెట్టు ముక్కలు బయటికొచ్చాయి. వాటి వెనకాలే మిషన్లూ వచ్చాయి.

- ఇళ్ళు: 118
- మిషన్లున్న ఇళ్ళు: 54
- మిషన్లు: 61 (బల్ల మీద నల్ల హెడ్డు ఉండే ఇంటిమిషన్లు 44, పెద్ద మోటారుతో నడిచే పవర్ మిషన్లు 8, చీర అంచులు కుట్టే పికో 5, బట్ట అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ 4)
- 44 ఇంటిమిషన్లలో చిన్న మోటారు తగిలించినవి 17, మిగతావి కాలితో తొక్కేవి
- నడుస్తున్నవి: 0
- చేతిలో డబ్బు: 3,000 (మనిషికి 500 చొప్పున మేమే వేసుకున్నాం)

1వ దశ: చెడగొట్టిన మూడు (సెప్టెంబరు 13 నుంచి 16)

ఎవరి మిషన్‌తో ప్రయోగం చేయాలన్నప్పుడు మా ఇంట్లోదే తీశాను. పాడైతే మా అమ్మే కదా తిట్టేది అనుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, మూడో దశలో దీని మీదే గొడవైంది.

మిషన్ 1 (మా అమ్మది). హెడ్డు మీద బురద తుడిచి, పైనున్న ఆయిల్ కన్నాలన్నిటిలో మిషన్ ఆయిల్ నిండా పోశాం. చక్రం మొదట కదల్లేదు. ఇద్దరం పట్టి తిప్పితే కదిలింది. 14 సాయంత్రానికి నడిచింది. దిండు గలీబు కుట్టి ఫొటో కూడా తీసుకున్నాం. 16 పొద్దున బిగుసుకుపోయింది. స్లైడ్ ప్లేటు (సూది పక్కన జరిగే రేకు) తీసి, షటిల్ (కింద తిరుగుతూ దారాన్ని ముడివేసే ముక్క) బయటికి లాగితే వేలికి బూడిదరంగు ముద్ద అంటుకుంది. రెండు వేళ్ళ మధ్య రుద్దితే గరగర. ఆయిల్లో కలిసిన ఒండ్రు అది. మేం రెండు రోజులు తొక్కింది మిషన్‌ని కాదు, సానరాయిని. షటిల్ తిరిగే గాడి, అంటే రేసు మీద గోటికి తగిలేంత గీతలు పడ్డాయి.

మిషన్ 2. ఇంటావిడ మాకంటే ముందే బ్లీచింగ్ నీళ్ళతో కడిగేసింది. ఇల్లంతా అదే నీళ్ళతో కడిగింది కాబట్టి మిషన్‌నీ కడిగింది. పాపం, తప్పేముంది? కానీ బ్లీచింగ్ ఇనుముకు విషం. సూది బిగించే కడ్డీ మీద గుంటలు పడేలా తుప్పు తినేసింది. ఆ రోజే మూడు సందులూ తిరిగి చెప్పాం: ఇల్లు కడగండి, మిషన్ జోలికి రావద్దు.

మిషన్ 3. చాలా ఏళ్ళుగా మిషన్లు బాగుచేసే బాబాయ్ ఒకాయన మా పక్క వీధిలో ఉంటాడు. సలహా అడిగితే "డీజిల్లో ముంచండమ్మా, తుప్పుకు అదే మందు" అన్నాడు. ముంచాం. తుప్పు కొంత వదిలింది. కానీ డీజిల్ ఆరిపోదు, జిడ్డుగా పట్టుకుని ఉంటుంది. వాసన బట్టకు దిగింది. తెల్ల పాప్లిన్ మీద కుట్టు వెంబడే పసుపు గీత వచ్చింది. అలాంటి మిషన్ మీద పట్టు జాకెట్టు ఎవరిస్తారు?

ఇవిగాక మరలు. మూడు మిషన్లలో 11 మరల తలలు అరగదీశాం. పెద్ద గాడిలో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి బలం చూపించాం, అదీ సంగతి.

లెక్క (16 రాత్రికి): విప్పినవి 3, నడుస్తున్నవి 0, ఖర్చు 1,140, చేతిలో 1,860.

2వ దశ: నీళ్ళ సీసా కొలత (సెప్టెంబరు 17 నుంచి 21)

బాబాయ్‌నే మళ్ళీ పిలిచాం, ఈసారి సలహాకు కాదు, కూలికి. రోజుకు 500. "ఆడపిల్లలు డబ్బిచ్చి నేర్చుకోవడమేంటే" అని మొహమాటపడ్డాడు. తీసుకున్నాడు. డీజిల్ విషయంలో ఆయన మాట వినలేదు, మరల విషయంలో ప్రతి మాటా విన్నాం. పట్టేసిన మరను ముందు కొంచెం బిగించాలి, ఆ తర్వాతే విప్పాలి. స్క్రూడ్రైవర్ మొనను ఆకురాయితో అరగదీసి గాడికి సరిగ్గా సరిపోయేలా చేసుకోవాలి. మర మీద కిరసనాయిలు చుక్క వేసి, స్క్రూడ్రైవర్ పిడి మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాలి. ఆ తర్వాత విప్పిన మిషన్లన్నిటిలో మేం అరగదీసిన మరలు రెండే.

కిరసనాయిలు దొరకడం ఒక కథ. రేషన్లో ఆగిపోయి ఏళ్ళయింది. బయట లీటరు 120కి పట్టుకొచ్చాం.

మొదటి దశలో చేసినదాన్ని తలకిందులు చేస్తే వచ్చిన పద్ధతి ఇది:

1. నంబరు చీటీ కట్టి, విప్పకముందు నాలుగు వైపులా ఫొటో తీయాలి.
2. ముందు మంచినీళ్ళు. ఆశ్చర్యంగా ఉన్నా ఇదే కీలకం. ఎండిన ఒండ్రును ఏ ఆయిలూ కరిగించదు. కొంచెం సర్ఫ్ కలిపిన నీళ్ళతో, పాత పళ్ళబ్రష్‌తో బురదంతా పోయేదాకా కడగాలి. (మోటారు ముందే తీసి పక్కన పెట్టాలి.)
3. కడిగిన అరగంటలోపు ఆరాలి. గుడ్డతో తుడిచి ఫ్యాన్ ముందు పెట్టాలి. కరెంటు లేని రోజుల్లో వీధిలో వడ్రంగి దగ్గరున్న చేతి బ్లోయర్ అరువు తెచ్చాం.
4. నీడిల్ ప్లేటు, స్లైడ్ ప్లేటు, ఎడమవైపు మూత, బాబిన్ కేసు (కింది దారం ఉండే డబ్బీ), షటిల్ విప్పి స్టీలు పళ్ళెంలో కిరసనాయిల్లో రాత్రంతా ఉంచాలి.
5. హెడ్డు లోపల కిరసనాయిలు పోస్తూ చక్రం 50 చుట్లు తిప్పాలి. కారిన నూనెను తెల్ల గుడ్డ మీద పట్టాలి. గుడ్డ మీద నలుపు రాకుండా అయ్యేదాకా ఇదే పని. తక్కువలో తక్కువ 3 సార్లు, ఎక్కువలో ఎక్కువ 9 సార్లు పట్టింది.
6. అప్పుడు మాత్రమే మిషన్ ఆయిల్. కన్నానికి రెండు చుక్కలు.

మిషన్ బాగైందో లేదో ఎలా తెలుస్తుంది? బాబాయ్ చక్రం మీద చెయ్యి వేసి "ఇది వదిలింది", "ఇది ఇంకా పట్టుంది" అని చెప్పేస్తాడు. మాకా చెయ్యి లేదు. ఒకరు తేలిగ్గా ఉందంటే ఇంకొకరు బరువుగా ఉందనేవాళ్ళం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివే అమ్మాయి (19) దీనికో ఉపాయం పట్టింది. బెల్టు తీసేసి, మిషన్ పాదం (బట్టను నొక్కి పట్టేది) పైకెత్తి, చక్రం చుట్టూ గట్టి దారం రెండు చుట్లు చుట్టింది. దారం కొసకు లీటరు నీళ్ళ సీసా ఖాళీది వేలాడదీసింది. గరాటుతో నీళ్ళు పోస్తూ పోతే ఒక దగ్గర చక్రం దానంతటదే ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. ఎన్ని నీళ్ళు పోశామో చూసుకుంటే చాలు. మేడ మీద ఉండి తడవని మంచి మిషన్ ఒకటి తెచ్చి చూస్తే 250 మి.లీ. దగ్గర తిరిగింది. మా హద్దు 400 అని పెట్టుకున్నాం. 400 దాటితే ఐదో అంచెకు వెనక్కి.

మిషన్ 7 లెక్క చూడండి: కడగ్గానే సీసా నిండినా కదల్లేదు. రాత్రి నానాక 780. మూడోసారి కిరసనాయిలు కడిగాక 520. ఆయిల్ వేశాక 340. దాని యజమానురాలు ఆ సీసా ముందు కూర్చుని, పిల్లలకు జ్వరం చూసినట్టు చూసింది.

తర్వాతి మెట్టు టెన్షన్. మాది కాదు, దారానిది. నడిచిన మొదటి నాలుగు మిషన్లలో మూడింటికి బట్ట కింద ఉచ్చులు ఉచ్చులుగా దారం వచ్చింది. బాబిన్ మార్చాం, సూది మార్చాం, తగ్గలేదు. టెన్షన్ నట్టు తీసి, పై దారాన్ని పట్టి ఉంచే రెండు బిళ్ళల మధ్య చూస్తే కాగితమంత ఒండ్రు పొర. బిళ్ళలు దారాన్ని పట్టుకోవడం లేదు. దారానికి కిరసనాయిలు తడిపి రెండు బిళ్ళల మధ్య అటూ ఇటూ లాగితే పోయింది. కింద ఉచ్చులొస్తే పై దారం వదులు. ఇది గుర్తుంటే సగం రోజు మిగులుతుంది.

లెక్క (21 రాత్రికి): విప్పినవి 14, నడుస్తున్నవి 9, ఖర్చు 4,310. ఒక్కో మిషన్‌కి పట్టిన పని: మొదటిదానికి 11 గంటలు, తొమ్మిదోదానికి 5.

3వ దశ: ఎవరిది ముందు (ఇది రెండో దశలోనే, 18న మొదలైంది)

ఈ డైరీలో మీరు ఒక్క భాగమే చదవాలనుకుంటే ఇది చదవండి. తుప్పుకు కిరసనాయిలుంది. దీనికి లేదు.

మేం పెట్టిన మొదటి నియమం: ముందు తెచ్చినవాళ్ళకు ముందు. న్యాయంగానే కనిపించింది. 18 పొద్దున ఏడింటికి చూస్తే మగవాళ్ళు బండి మీద పెట్టుకొచ్చిన హెడ్లు వరసగా ఉన్నాయి. హెడ్డు ఒక్కటే పన్నెండు కిలోలుంటుంది. తెచ్చిపెట్టే మనిషి లేని ఆడవాళ్ళ మిషన్లు ఇళ్ళల్లోనే తుప్పు పడుతున్నాయి. అంటే ఎవరికి తొందర ఎక్కువో వాళ్ళే చివర.

ఆ సాయంత్రమే మూడో సందు పెద్దమ్మ పార్కింగులోకి వచ్చి నలుగురిలో అడిగింది: "మీ అమ్మ మిషన్‌తో మొదలెట్టి సేవంటారేంటే?" నా దగ్గర సమాధానం ఉంది. పాడైతే మాదే పాడవ్వాలని అలా చేశానని. కానీ ఆ మాట ముందు ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. అడిగాక చెబితే అది సాకే అవుతుంది. అందరి ముందే నంబరు 1 చీటీ చింపి, మా మిషన్‌కి 61 రాశాను. ఇంటికెళ్ళాక అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

19న మీటింగు పెట్టాం. నలభై మంది దాకా వచ్చారు. డ్వాక్రా గ్రూపుల్లో అలవాటు కాబట్టి చాపలు పరుచుకుని గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కో ఇంటికి మార్కులు వేద్దామన్నాం:

- ఇంట్లో వేరే సంపాదన లేకపోతే 3
- ఒప్పుకున్న దసరా బట్టలు చేతిలో ఉంటే 2
- మిషన్ అప్పు మీద కొన్నదైతే 1
- మార్కులు సమానమైతే చీటీ తీయడం

మొదటి వరస మీదే గంట పట్టింది. "మా ఆయన ఆటో తోల్తాడు, తెచ్చిందంతా తాగుతాడు. ఆయన సంపాదన మా ఇంట్లో సంపాదనేనా?" అని ఒకావిడ అడిగింది. నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. మాలో పెళ్ళైన వదిన (26) ఒడిలో పిల్లాడిని జోకొడుతూ అంది: "సంపాదించింది కాదు, ఇంటికి చేరింది లెక్కేద్దాం." నియమం అలాగే రాశాం. మా ఆరుగురికే వదిలేస్తే ఆ మాట రాదు. మాలో ఐదుగురికి పెళ్ళే కాలేదు.

మూడో వరస తప్పని రెండ్రోజుల్లో తెలిసింది. మార్కులు గోడ మీద చార్టులో రాశాం. అప్పున్నవాళ్ళెవరో చార్టు చూస్తే తెలిసిపోతోంది. ఇద్దరు వచ్చి తమ ఒక మార్కు తీసేయమన్నారు. 22 నుంచి గోడ మీద మొత్తం మార్కు మాత్రమే రాసి, విడివిడి లెక్క పుస్తకంలో పెట్టాం. ఎవరి పేజీ వాళ్ళకే చూపిస్తాం.

ఇదే మీటింగులో టోకెను 50 రూపాయలని పెట్టాం. ఉచితమన్నంతకాలం అటక మీద పదేళ్ళుగా పడున్నవి కూడా వరదలో మునిగినట్టు దిగాయి. యాభై అనగానే ఏది నిజంగా కావాలో వాళ్ళే తేల్చుకున్నారు. అప్పటికే విప్పడం మొదలైన తొమ్మిదింటికి తీసుకోలేదు.

రెండు చిన్న సంగతులు. సందులో ఒక పెద్దాయన రోజూ వచ్చి "మీ వెనక ఎవరున్నారమ్మా?" అనేవాడు. ఏ పార్టీ, ఏ సంస్థ అని. ఎవరూ లేరంటే నమ్మలేదు. చివరికి లెక్కల పుస్తకం ఆయన చేతికే ఇచ్చి కూడిక సరిచూడమన్నాం. ఒకచోట 40 రూపాయల తప్పు పట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆ ప్రశ్న లేదు, ప్రతి ఆదివారం కూడిక ఆయనదే. ఇంకొకటి, బయటినుంచి వచ్చిన ఒకరు ఐదు కొత్త మిషన్లు ఇస్తామన్నారు. ఆ డబ్బుకు బెల్టులు, షటిళ్ళు ఇప్పిస్తే ఎన్నో మిషన్లు లేస్తాయని అడిగాం. బెల్టుతో ఫొటో బాగుండదు కదా. వాళ్ళు మళ్ళీ రాలేదు.

చోటు, వేళలు కూడా రాయాలి, ఎందుకంటే ఇవి కుదరకే ఇలాంటి పనులు ఆగుతాయి. మొదట ఒక డాబా మీద పెట్టాం. మూడంతస్తులు హెడ్లు మోయలేక నాలుగు రోజుల్లో కింద పార్కింగులోకి దిగాం. సాయంత్రం ఆరు దాటితే మాలో ముగ్గురిని ఇంట్లో ఒప్పుకోరు. దానికోసం కొట్లాడలేదు. పది నుంచి ఒంటిగంట, మూడు నుంచి ఆరు అని పనే సర్దుకున్నాం. రాత్రి నానబెట్టే పని చీకటికి ముందే అయిపోయేలా చూసుకున్నాం.

4వ దశ: మోటార్లు (సెప్టెంబరు 22 నుంచి 28)

ఈ దశకు మేస్త్రి ఐటీఐ అమ్మాయి. మొత్తం 34 మోటార్లు: ఇంటిమిషన్లవి 17, పవర్, పికో, ఓవర్‌లాక్‌లవి 17. ఆమె నియమం ఒక్కటే: మెగ్గర్ చెప్పకుండా ప్లగ్గు పెట్టకూడదు. మెగ్గర్ అంటే మోటారు లోపలి తీగ చుట్టకూ బయటి ఇనుముకూ మధ్య కరెంటు కారుతోందా అని చూసే మీటరు. రోజుకు 200 అద్దెకు నాలుగు రోజులు తెచ్చాం.

1. మోటారు విప్పి మంచినీళ్ళతో బురద కడగాలి. అవును, నీళ్ళతోనే. అప్పటికే తొమ్మిది రోజులు మునిగింది.
2. కార్బన్ బ్రష్షులు (మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించేవి) తీసి విడిగా ఆరబెట్టాలి.
3. ఒకరోజు నీడలో గాలికి ఉంచాలి.
4. అట్టపెట్టెలో 100 వాట్ల పాతరకం బల్బు వెలిగించి, మోటారును అందులో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. బల్బు అట్టకు తగలకూడదు, పెట్టెకు గాలి కన్నాలుండాలి, కనిపెట్టుకుని మనిషి ఉండాలి. ఎల్‌ఈడీకి అంత వేడి రాదు.
5. 500 వోల్టుల మీద మెగ్గర్ పెట్టాలి. 1 మెగాఓమ్ దాటితేనే ముందుకు.

ఒక చిన్న మోటారు అంకెలు (మెగాఓమ్‌లలో): కడిగిన రోజు 0.1, పెట్టెలో ఒక రాత్రికి 0.4, రెండో రాత్రికి 1.6, మర్నాటికి 5.

పవర్ మిషన్ 22 దగ్గర తప్పు చేశాం. మెగ్గర్ 0.7 చూపించింది. ఐటీఐ అమ్మాయి వద్దంది. ఇంటావిడ పెద్ద ఆర్డరు పోతోందని ఏడ్చింది. ఇంకొక్క రాత్రే కదా తేడా అని పెట్టేయమన్నది నేను. పది సెకన్లు తిరిగింది. మాడిన వార్నిష్ వాసన, పొగ. చుట్ట కాలిపోయింది. తీగ మళ్ళీ చుట్టించడానికి (రివైండింగు) 1,800 అయింది. అది మేం ఆరుగురం జేబులోంచి వేసుకున్నాం, ఈ లెక్కలో కలపలేదు. ఆ రాత్రి పుస్తకంలో ఒక వాక్యం రాసుకున్నాం: మోటారు విషయంలో ఐటీఐ అమ్మాయి వద్దంటే ఎవరి ఓటూ చెల్లదు. వయసులో నాకంటే నాలుగేళ్ళు చిన్నది. నా సంతకం కూడా దాని కిందే ఉంది.

34లో 23 బతికాయి. మోటారు పోయిన ఇంటిమిషన్లను మళ్ళీ తొక్కుడు స్టాండు మీదికి ఎక్కించాం. పవర్ మిషన్లలో మూడు సర్వో మోటారువి, అంటే ఎలక్ట్రానిక్ కార్డుతో నడిచేవి. వాటి కార్డుల్లో ఒకటి మాత్రమే లేచింది.

లెక్క (28 రాత్రికి): విప్పినవి 35, నడుస్తున్నవి 26, పనికిరావని తేలినవి 3, ఖర్చు 8,960. నెలాఖరుకు కింది అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం ప్రకటించిన 25,000 కొందరి ఖాతాల్లో పడ్డాయి. ముగ్గురు తమ మిషన్లు బయట బాగుచేయించుకుంటామని తీసుకెళ్ళారు. మంచిదే.

5వ దశ: బల్లలు, జనం బట్టలు, దసరా (సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 11)

నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి. కుట్టుపనివాళ్ళకు ఏడాదిలో గట్టిగా నాలుగు రాళ్ళు కనపడేది ఇప్పుడే, మళ్ళీ క్రిస్మస్‌కే. అందుకే ఇక్కడ అన్నీ తొందరగా చేశాం. తొందరకు తగ్గ తప్పులూ చేశాం.

బల్లలు. పాత టేకు బల్లలు నాలుగు ఎండలో పెడితే నిలువునా చీలాయి. తర్వాతివి నీడలో, మీద ఇటుకలు పేర్చి తొమ్మిది రోజులు ఆరబెట్టాం. నిలబడ్డాయి. రంపంపొట్టు అట్టతో చేసిన బల్లలు మాత్రం టీలో ముంచిన రస్కులా ఉబ్బిపోయాయి. వాటి మీద టైం పెట్టొద్దు. ప్లైవుడ్ కోయించి ఆరు వేయించాం, ఒక్కోటి 450.

ఆయిల్ మరక. బాగైన మిషన్ రెండు రోజులపాటు సూది దగ్గర ఆయిల్ వదులుతూనే ఉంటుంది. ఇది చెప్పకుండా ఇచ్చేశాం. ఒకావిడ ఆ రాత్రే పట్టు జాకెట్టు కుట్టింది, చంక దగ్గర నల్ల చుక్క. అప్పటినుంచి మిషన్‌తోపాటు అరమీటరు పాత గుడ్డ ఇచ్చి, "రెండు రోజులు దీని మీదే కుట్టు పిన్నీ" అని చెప్పి పంపాం.

జనం బట్టలు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మిషన్ మునిగితే సొంత నష్టం. మిషన్ పక్కనున్న సంచి మునిగితే పరాయివాళ్ళ నష్టం, పైగా పరువు. ఫాల్ కుట్టమని ఇచ్చిన పట్టుచీర రంగు దిగి పక్కదానికి అంటింది. ఇంటావిడ ఆ కస్టమరు ఫోన్ ఎత్తడం మానేసింది. ఒంటరిగా ఎవరినీ పంపకూడదనుకున్నాం. డిగ్రీ మొదటి ఏడాది చదివే చెల్లి (18) చేతిరాత బాగుంటుంది. ఎవరివి ఏ బట్టలు, ఎలా పాడయ్యాయి అని ఇంటింటికీ ఒక కాగితం రాసింది. ఆ కాగితంతో మాలో ఇద్దరం వెంట వెళ్ళాం. చాలామంది "మీరు బతికి బయటపడ్డారు, చాలు" అన్నారు. నగరం అవతల ఒకావిడ చీర ఖరీదు మొత్తం కావాలంది. గంటన్నర మాట్లాడాక ఆరు జాకెట్లు ఊరికే కుట్టివ్వడానికి తెగింది. ఎక్కువే, కానీ కుట్టే ఆవిడ ఇప్పుడు ఫోన్ ఎత్తగలుగుతోంది.

ఒళ్ళు జాగ్రత్త. నర్సింగ్ చదివే అమ్మాయి (20) మొదటి రోజే అందరికీ టీటీ ఇంజెక్షన్లు వేయించింది. గ్లవుజులు లేకుండా కిరసనాయిల్లో చేతులు పెట్టిన మాలో ఇద్దరికి వేళ్ళు పగిలి నెత్తురొచ్చింది. గ్లవుజులకు ఖర్చు ఎందుకన్నది కూడా ఆ ఇద్దరమే.

మా అమ్మమ్మది నాగాయలంక. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన మనిషి. ఫోన్లో నా సోదంతా విని "మీకొచ్చింది మంచినీళ్ళే, అదృష్టవంతులు. మాకొచ్చింది సముద్రం, ఇనుము పెట్టె ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలింది" అంది. తీరం ఊళ్ళవాళ్ళు ఈ డైరీ వాడితే ఒక మార్పు చేసుకోండి: మొదటి రోజే మంచినీళ్ళతో రెండు మూడుసార్లు ఉప్పు కడిగేయాలి. మాకులా పది రోజులు ఆగడం కుదరదు.

లెక్క (అక్టోబరు 11 రాత్రికి):

- నడుస్తున్నవి 47
- పనికిరానివి 8 (బ్లీచింగ్ తిన్నవి 3, లోపలి భాగాలు తుప్పుపట్టిన ఓవర్‌లాక్‌లు 2, వరదకు ముందే పాడైనవి 3)
- బయటికి తీసుకెళ్ళినవి 3
- మిగిలినవి 3
- వచ్చింది: మావి 3,000, చందాలు 11,000, టోకెన్లు 52, ఒక్కోటి 50 చొప్పున 2,600. మొత్తం 16,600
- ఖర్చు: కిరసనాయిలు 14 లీటర్లు 1,680, మిషన్ ఆయిల్ 1,200, షటిళ్ళు, బాబిన్ కేసులు, బెల్టులు, సూదులు 5,240, బాబాయ్ కూలి ఐదు రోజులు 2,500, బల్లలు 2,700, మెగ్గర్ అద్దె 800, పనిముట్లు, పళ్ళేలు, గ్లవుజులు 1,750. మొత్తం 15,870
- చేతిలో 730
- ఆఖరి మిషన్లకు పట్టిన పని: మూడున్నర గంటలు (నానబెట్టింది కాక)

ఇంకా మిగిలినవి

పనికిరాని ఎనిమిదింటి భాగాలు పారేయలేదు. మరలు, ప్లేట్లు, పాదాలు విడదీసి డబ్బాల్లో పెట్టాం. మరల కోసం ఇప్పటికే ఐదుగురు వచ్చారు.

సర్వో కార్డులు రెండూ బాగుచేసే మనిషి కోసం చూస్తున్నాం. మిగతాది 61వ నంబరు, మా అమ్మది. సీసా పెడితే ఇప్పటికీ 520 దగ్గరే తిరుగుతోంది, రేసు మీద గీతలు అలాగే ఉన్నాయి. రేసు మార్చడానికి 730 సరిపోతుందో లేదో అడగాలి. అమ్మ ఈలోగా దాని మీదే రెండు జాకెట్లు కుట్టేసింది, గరగరలాడుతూనే. ఆపమంటే వినదు.